బరువేస్తేనే... అల లేస్తుంది!

పడవ వెళ్తుంటే వెనక లేచే అల ఎంత చిన్నగా ఉంటే అంత మంచి పడవ... ఒకప్పుడు అమెరికాలో స్కీయింగ్ పడవలు తయారుచేసేవాళ్ల లెక్క ఇది. ఇప్పుడా లెక్క తిరగబడింది. అల ఎంత ఎత్తుగా లేస్తే పడవకు అంత గిరాకీ! అందుకోసం పనిగట్టుకుని పడవలోకి వందల కిలోల నీళ్లు తోడిపోస్తున్నారు. చాలకపోతే సీసం మూటలు తెచ్చి పేరుస్తున్నారు. అలా లేపిన అల మీదనుంచి గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టే ఆటే వేక్‌బోర్డింగ్. చూడ్డానికి సరదాగానే ఉంటుంది. కానీ వేసిన బరువును ఎవరో ఒకరు మోయాలిగా! పడవ ఎంత మోస్తుంది? చెరువు గట్టు ఎంత మోస్తుంది? అమెరికాలో ఇప్పుడు చర్చంతా దానిమీదే.

రాగి కాగులో వంగిన చెక్క

ఈ ఆటల మూలాలు వందేళ్లకు పైగా వెనక్కి వెళ్తాయి. అది 1922. మిన్నెసోటా రాష్ట్రంలో పెపిన్ సరస్సు ఒడ్డున ఉండే రాల్ఫ్ శామ్యూల్సన్ అనే పద్దెనిమిదేళ్ల కుర్రాడికి ఓ ఆలోచన వచ్చింది. మంచు మీద జారినట్టే నీళ్ల మీదా ఎందుకు జారకూడదూ అని. రెండు పైన్ చెక్కలు కొన్నాడు. ఒక్కోటి ఎనిమిది అడుగుల పొడవు. వాటి కొసల్ని ఇంట్లో అమ్మ వాడే రాగి కాగులో మరిగించి మెత్తబరిచి పైకి వంచాడు. పడవకు తాడు కట్టి, అన్నయ్యను నడపమన్నాడు. పడీ లేచీ, పడీ లేచీ... చివరికి నీళ్ల మీద నిలబడ్డాడు. వాటర్ స్కీయింగ్ అలా పుట్టింది.

ఈ ఆటకు అల పనికిరాదు. పోటీల్లో స్కీయర్ గంటకు యాభై కిలోమీటర్ల పైచిలుకు వేగంతో అటూ ఇటూ కోసుకుంటూ పోవాలి. పడవ వెనక అల అడ్డొచ్చిందంటే రోడ్డు మీద స్పీడ్‌బ్రేకర్ వచ్చినట్టే. అందుకే 1961లో వచ్చిన స్కీ నాటిక్ మొదలు ఆ తరం పడవలన్నీ అలను అణచడానికే పోటీపడ్డాయి. తేలికైన పడవ, దాదాపు చదునైన అడుగుభాగం, ఇంజిను మధ్యలో... అన్నీ అందుకోసమే.

1985లో కాలిఫోర్నియాలోని శాన్ డియాగోకు చెందిన టోనీ ఫిన్ అనే సర్ఫర్ కథను మలుపు తిప్పాడు. సముద్రంలో అలలు లేని రోజున సర్ఫింగ్ చేసేదెలా? పడవ లాగుతుంటే చేస్తే సరి! సర్ఫింగ్ బోర్డులాంటి చిన్న పలకను తయారుచేసి స్కర్ఫర్ అని పేరు పెట్టాడు. అదే రోజుల్లో టెక్సాస్‌లో జిమ్మీ రెడ్మన్ కూడా ఇలాంటి బోర్డులే చేస్తున్నాడు. పాదాలు జారిపోకుండా వాటికి పట్టీలు వచ్చాయి. దాంతో ఆట రూపురేఖలే మారిపోయాయి. కాళ్లు బోర్డుకు బిగించి ఉంటే గాల్లోకి ఎగరొచ్చు, తిరగొచ్చు, పల్టీ కొట్టొచ్చు. 1996లో ఎక్స్ గేమ్స్‌లోకి వేక్‌బోర్డింగ్ చేరింది. 2005లో ప్రపంచ క్రీడల్లోనూ చోటు దక్కించుకుంది.

అన్నీ బాగానే ఉన్నాయి. ఎగరడానికి మెట్టు కావాలి కదా! ఆ మెట్టే అల. పడవలు చూస్తే అలను చంపేవి. మరెలా?

బాతు ఈదితే... గేదె దిగితే...

చెరువులో బాతు ఈదుతుంటే వెనక సన్నటి గీతలాంటి అల లేస్తుంది. అదే చెరువులోకి గేదె దిగితే? ఒడ్డున కూర్చున్నవాళ్ల కాళ్లు తడుస్తాయి. వేక్‌బోర్డింగ్ పడవ వెనకున్న సూత్రం అంతే. తేలే వస్తువు తన బరువుకు సమానమైన నీటిని పక్కకు తోస్తుందని ఆర్కిమెడిస్ ఏనాడో చెప్పాడు. పడవ బరువెక్కేకొద్దీ లోతుగా మునుగుతుంది. మునిగేకొద్దీ ఎక్కువ నీళ్లను తోస్తుంది. అది ముందుకు కదిలిపోగానే వెనక ఏర్పడిన గుంతను పూడ్చడానికి నీళ్లు రెండువైపుల నుంచీ ఎగదన్నుకొస్తాయి. అదే అల.

వేగానికీ ఇందులో పాత్ర ఉంది. మోటారు పడవ వేగం పెరిగితే నీళ్ల మీదకు లేచి జారిపోతుంటుంది. అప్పుడు తోసే నీళ్లు తగ్గుతాయి, అలా తగ్గుతుంది. వేక్‌బోర్డింగ్‌కు గంటకు 30 నుంచి 37 కిలోమీటర్ల వేగం చాలు. తాడు 20 నుంచి 24 మీటర్లు ఉంటుంది. వేక్‌సర్ఫింగ్ అని దీనికో తమ్ముడున్నాడు. అందులో మొదట లేచి నిలబడేదాకే తాడు, ఆ తర్వాత వదిలేసి పడవ వెనక అల మీదే జారుతూ ఉండాలి. దానికి వేగం 16 నుంచి 19 కిలోమీటర్లే. ఆ వేగంలో బరువైన పడవ ముక్కు పైకెత్తి, వెనకభాగాన్ని నీళ్లలో దిగేసి, దున్నుకుంటూ పోతుంది. అందుకే అన్నిటికన్నా పెద్ద అలలు సర్ఫింగ్ పడవల వెనకే లేస్తాయి.

స్నేహితులే బరువు!

మొదట్లో బరువంటే స్నేహితులే. 'నువ్వూ రా, ఊరికే వెనక కూర్చో' అని పిలిచి పడవ నింపేవారు. ఆ తర్వాత ఇసుక బస్తాలు, నీళ్ల డ్రమ్ములు వచ్చాయి. బస్తా చిరిగితే పడవంతా ఇసుక. డ్రమ్ము పక్కకు ఒరిగితే పడవా ఒరిగేది. ఈ బాధలు పడలేక పుట్టిందే నీళ్ల సంచి. ఫ్యాట్ శాక్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ మందపాటి సంచిని చుట్టి తెచ్చుకుని, సరస్సులోకి వెళ్లాక నింపుకుని, ఆట అయిపోగానే ఖాళీచేసి మడతపెట్టుకోవచ్చు. బరువు ఇంటినుంచి మోసుకెళ్లక్కర్లేదు. సరస్సే ఇస్తుంది, తిరిగి సరస్సే తీసుకుంటుంది.

ఓడల్లో నిలకడ కోసం వేసే బరువును బ్యాలస్ట్ అంటారు. రైలు పట్టాల కింద పోసే కంకరకూ అదే పేరు. ఓడకు బ్యాలస్ట్ ఒరగకుండా ఉండటానికైతే, ఈ పడవలకు అల లేవడానికి. లెక్క మాత్రం తేలిక. లీటరు నీళ్లు కిలో బరువు. బజార్లో బాగా దొరికే ఓ సంచి 750 పౌన్లది. అంటే 340 కిలోలు. నింపడానికి 340 లీటర్లు కావాలి. గంటకు మూడువేల లీటర్లు తోడే చిన్న పంపుతో ఏడు నిమిషాల పని. 75 కిలోల మనుషులు నలుగురున్నర మంది వచ్చి కూర్చున్నట్టు!

1990ల ద్వితీయార్ధం నుంచి కంపెనీలే రంగంలోకి దిగాయి. అలను లేపడానికే ప్రత్యేకంగా పడవలు తెచ్చాయి. తాడును ఎత్తుగా కట్టడానికి పైన ఇనుప కమానులాంటి టవర్ పెట్టాయి. నేల కింద ట్యాంకులు, వాటికి పంపులు, డ్రైవర్ ముందు మీటలు అమర్చాయి. మాలిబు కంపెనీ మరో కిటుకు కనిపెట్టింది. పడవ వెనక నీళ్లలో ఓ రెక్కను దించితే అది పరుగులో పడవ తోకను కిందికి లాగుతుంది. నీళ్లు నింపకుండానే బరువు వేసినట్టన్నమాట. 2012-13 నుంచి సర్ఫింగ్ కోసం వెనక పక్కల తెరుచుకునే పలకలూ వచ్చాయి. ఇప్పటి 23 అడుగుల పెద్ద పడవల్లో కొన్నిటికి కంపెనీ ట్యాంకుల్లోనే టన్నుకు పైగా నీళ్లు పడతాయి.

ఎంత అన్నది కాదు... ఎక్కడ?

బరువెక్కువైతే అల పెద్దదవుతుంది. కానీ పెద్ద అల అంతా మంచి అల కాదు. బరువంతా వెనకే వేస్తే అల నిటారుగా గోడలా లేస్తుంది. మనిషిని ఒక్కసారిగా పైకి విసిరేస్తుంది. ముందువైపు కూడా వేస్తే అల పొడవుగా, ఏటవాలుగా సాగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇదే హాయి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు వెనక కాస్త ఎక్కువ, ముందు కాస్త తక్కువ వేసి మొదలుపెట్టి, కొద్దికొద్దిగా మారుస్తూ పోతారు.

ఎడమా కుడీ సమానంగా లేకపోతే ఒకవైపు అల చక్కగా లేస్తుంది, రెండోవైపు నురగై చెదిరిపోతుంది. డ్రైవర్ కూర్చునేది సాధారణంగా కుడివైపు. ఆయన బరువునూ లెక్కలో కలపాలి. మధ్యలో ఒకరు లేచి అటు నుంచి ఇటు కూర్చున్నా అల మారిపోతుంది. సర్ఫింగ్‌కు మాత్రం కావాలనే ఒకవైపు బరువు వేసి పడవను ఒరిగిస్తారు. పక్క పలకలున్న కొత్త పడవలకు ఆ అవసరం తగ్గింది.

బరువు పెంచినకొద్దీ వేగాన్నీ కాస్త పెంచాలి. లేకపోతే అల అంచు నిలబడదు, నురగ కక్కుతుంది. ఇంజినుకూ పని పెరుగుతుంది. కొందరు బరువు లాగేందుకు వీలైన ప్రొపెల్లర్ మార్పించుకుంటారు. పెట్రోలు ఖర్చు సంగతి చెప్పేదేముంది!

మరి నీళ్లా, సీసమా? నీళ్లకన్నా సీసం పదకొండు రెట్లు బరువు. పాతిక కిలోల సీసం దిమ్మ రెండు లీటర్ల నీళ్ల సీసాకంటే కాస్త పెద్దగా ఉంటుందంతే. ఏ మూలనైనా దూరుతుంది. కానీ దాంతో ఓ పెద్ద చిక్కుంది. పడవ నీళ్లతో నిండిపోతే, సంచిలో ఉన్న నీళ్లు పడవను అదనంగా కిందికి లాగవు. నీళ్లలో నీళ్లకు బరువేముంటుంది? సీసం అలా కాదు. తిన్నగా అడుక్కి ఈడుస్తుంది. చిన్న పడవల్లో మునిగినా తేలేందుకు నురుగు దిమ్మలు పెడతారు. మనం తర్వాత తెచ్చి పేర్చిన సీసం వాటి లెక్కలో ఉండదు.

ప్లేటు మీద అంకె

అమెరికాలో 20 అడుగులకన్నా పొట్టిగా ఉండే మామూలు మోటారు పడవలకు ఓ చిన్న ప్లేటు తప్పనిసరి. ఎంతమంది ఎక్కొచ్చు, మొత్తం ఎన్ని పౌన్లు మోయొచ్చు అన్నది దానిమీద ఉంటుంది. చాలామంది మనుషుల్ని లెక్కపెట్టుకుంటారు. సంచుల్ని మర్చిపోతారు. ఉదాహరణకు ఓ పడవ ప్లేటు మీద 700 కిలోలు అని ఉందనుకుందాం. 340 కిలోల సంచులు రెండు నింపితే 680. ఇక మిగిలింది 20 కిలోలు. డ్రైవర్ కూడా ఎక్కడానికి లేదు! అయినా ఆరుగురు ఎక్కి కూర్చుంటే?

మునగడానికి తుపాను రానక్కర్లేదు. బరువుకు పడవ అంచు నీటికి దగ్గరగా దిగి ఉంటుంది. బోర్డు మీద మనిషి పడిపోగానే డ్రైవర్ చటుక్కున వేగం తగ్గిస్తాడు. వెనకే వస్తున్న సొంత అల పడవను అందుకుని లోపలికి దూకుతుంది. లేదా గిర్రున వెనక్కి తిప్పుతాడు. తాను లేపిన అలల్లోకే పడవ ముక్కు దిగుతుంది. ఒక్క అల వచ్చి వందల లీటర్లు పోసి పోతుంది. అప్పటికే బరువుమీదున్న పడవకు రెండో అల చాలు. సగం నిండిన సంచి ఇంకా ప్రమాదం. మలుపులో అందులోని నీళ్లన్నీ ఒకే పక్కకు పరుగెడతాయి, పడవను ఆ పక్కకే ఒరిగిస్తాయి.

పడవ మోయగలిగినదానికన్నా ఎక్కువ ఎక్కితే ఏమవుతుందో మనకు తెలియంది కాదు. 2017 నవంబరు 12న కృష్ణానదిలో ఇబ్రహీంపట్నం దగ్గర పర్యటక పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా చనిపోయారు. పరిమితికి మించి ఎక్కించారన్న మాట అప్పుడు గట్టిగా వినిపించింది. సెలవురోజున నలుగురూ కలిసి పడవ అద్దెకు తీసుకుని సరస్సుకెళ్లే సరదా అమెరికాలోని మనవాళ్లకూ ఉంది. వాళ్లు ముందుగా చూడాల్సింది ఆ ప్లేటునే.

కంటికి కనపడని ముప్పు మరొకటుంది. బరువుకు తోక దించి నెమ్మదిగా వెళ్లే పడవ వెనక ఇంజిను పొగ పోగవుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. వెనక మెట్టు మీద కాళ్లాడిస్తూ కూర్చున్న పిల్లలు నిద్రపోయారనుకుంటాం... స్పృహ తప్పి ఉంటారు.

గట్టు ఏమంటోంది?

పడవ వెళ్లిపోతుంది. అల మిగులుతుంది. గట్టుదాకా వెళ్లి గుద్దుకుంటుంది. అల ఎత్తు రెట్టింపైతే అందులోని శక్తి నాలుగు రెట్లవుతుంది. ఒడ్డున మట్టి కోసుకుపోతోందనీ, కట్టేసిన చిన్న పడవలు గుద్దుకుని పాడవుతున్నాయనీ సరస్సుల ఒడ్డున ఉండేవాళ్లు గొడవపెడుతున్నారు. 'మేమూ పన్ను కడుతున్నాం, నీళ్లు అందరివీ' అని పడవలవాళ్లంటున్నారు.

ఇద్దరిలో ఎవరి మాట నిజం? శామ్యూల్సన్ స్కీలు కట్టిన మిన్నెసోటా రాష్ట్రంలోనే, సరిగ్గా వందేళ్లకు, దీనికో జవాబు వచ్చింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు సరస్సులో పరికరాలు పెట్టి, పడవలు నడిపించి అలల్ని కొలిచారు. 2022లో ఫలితాలు వెల్లడించారు. మామూలు పడవ అల 60 మీటర్ల దూరంలో ఎంత తగ్గుతుందో, సర్ఫింగ్ పడవ అల అంత తగ్గాలంటే 150 మీటర్లకు పైగా కావాలని తేలింది. పడవల పరిశ్రమ మాత్రం గట్టుకు 60 మీటర్ల దూరం పాటిస్తే చాలని ప్రచారం చేస్తూ వచ్చింది. ఈ తేడా దగ్గరే గొడవంతా ఉంది. లోతు సంగతీ తక్కువేం కాదు. ముక్కు పైకెత్తి వెళ్లే పడవ ప్రొపెల్లర్ నీళ్లను కిందికి చిమ్ముతుంది. లోతు తక్కువుంటే అడుగున పేరుకున్న బురదంతా లేస్తుంది.

కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేశాయి. 2022లో ఆరెగాన్ రాష్ట్రం విల్లామెట్ నదిలో ఓ భాగంలో 5,500 పౌన్లు, అంటే దాదాపు రెండున్నర టన్నుల పరిమితి పెట్టింది. అంతకుమించిన పడవలు అక్కడ మనుషుల్ని లాగుతూ ఆటలాడటానికి వీల్లేదు. 2024లో వెర్మాంట్ మరింత ముందుకెళ్లింది. గట్టుకు 150 మీటర్ల దూరం, ఆరు మీటర్ల లోతు, 50 ఎకరాల విస్తీర్ణం ఉన్నచోటే అలల ఆటలు ఆడాలంది. చిన్న సరస్సుల్లో ఈ మూడూ కుదిరే చోటే ఉండదు.

సంచిలో మిగిలిన చెంబెడు నీళ్లు

ఆట ముగిసింది. సంచి ఖాళీ చేశారు. నిజంగా ఖాళీ అయిందా? మడతల్లో, పైపుల్లో, ట్యాంకు మూలల్లో కాసిన్ని నీళ్లు మిగులుతాయి. కంటికి కనిపించని ఆల్చిప్ప పిల్లలు ఆ చెంబెడు నీళ్లలో రోజుల తరబడి బతుకుతాయి. వచ్చే ఆదివారం మరో సరస్సులో సంచి నింపి, ఖాళీచేస్తే అవి అక్కడికి చేరిపోతాయి.

ఇది ఉత్త భయం కాదు. జీబ్రా మసెల్ అనే చిన్న ఆల్చిప్ప యూరప్ నుంచి అమెరికా మహా సరస్సుల్లోకి వచ్చింది సరకు ఓడల బ్యాలస్ట్ నీళ్లలోనే. 1988లో బయటపడింది. నీటి పైపులకు లోపల గుత్తులు గుత్తులుగా పట్టేసి మూసేస్తుంది. దాని చుట్టమైన క్వాగా మసెల్ 2007 జనవరిలో పడమటివైపు మీడ్ సరస్సులో కనిపించింది. నదులు కలవని చోటికి అది ఎలా చేరింది? ట్రెయిలర్ మీద రోడ్డు దాటొచ్చిన పడవల మీదే అనుమానం.

మన తీరమూ దీనికి మినహాయింపు కాదు. అమెరికా ఖండంలోని ఉష్ణమండల తీరాలకు చెందిన నల్లచారల మసెల్ 1967లో విశాఖపట్నం నౌకాశ్రయంలో కనిపించింది. ఓడల అడుగున అంటుకునో, బ్యాలస్ట్ నీళ్లలోనో అంతదూరం వచ్చింది. ఇలాంటి అనుభవాలు ప్రపంచమంతటా ఉండబట్టే ఓడల బ్యాలస్ట్ నీటిపై 2004లో అంతర్జాతీయ ఒప్పందం కుదిరి, 2017 సెప్టెంబరు 8 నుంచి అమల్లోకి వచ్చింది. సరదా పడవల నీళ్ల సంచులకు అంత కట్టడి లేదు. వెర్మాంట్ మాత్రం బ్యాలస్ట్ పడవ తన 'సొంత సరస్సు' దాటి మరో సరస్సులోకి దిగాలంటే ముందు శుద్ధి చేయించుకోవాలని నిబంధన పెట్టింది.

బరువు వేసేముందు...

* ప్లేటు మీది అంకెలోంచి ముందు మనుషుల బరువు, సామాన్ల బరువు తీసేయండి. మిగిలినదే బ్యాలస్ట్. ప్లేటు లేని పెద్ద పడవైతే కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూడండి.

* సంచిని గాలి లేకుండా పూర్తిగా నింపండి. లేదా పూర్తిగా ఖాళీ చేయండి. సగంలో ఆపొద్దు.

* సీసమైనా, సంచులైనా జారకుండా కట్టండి. దార్లో, లైఫ్ జాకెట్ల మీద పెట్టొద్దు. ఎక్కిన ప్రతి ఒక్కరికీ జాకెట్ ఉండాలి.

* మనిషి పడిపోతే నెమ్మదిగా, తిన్నగా వేగం తగ్గించండి. సొంత అల దాటిపోయాకే వెనక్కి తిప్పండి.

* ఇంజిను నడుస్తుండగా వెనక మెట్టు మీద ఎవర్నీ కూర్చోనివ్వొద్దు.

* గట్టుకు దూరంగా, లోతున్నచోట ఆడండి. ఒకే దారిలో పదేపదే తిరగొద్దు.

* నింపిన పడవను ట్రెయిలర్ ఎక్కించొద్దు. ఆ బరువు ట్రెయిలర్ లెక్కలో ఉండదు.

* ఏ సరస్సు నీళ్లు ఆ సరస్సులోనే వదిలేయండి. సంచి, ట్యాంకు, పైపులు కడిగి, పూర్తిగా ఆరాకే మరోచోటికి కదలండి.